సెమ్ సెలవులు: అందరూ గోవాలోనే ఉన్నారా?

ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చిన సాయంత్రం ఏ యూనివర్సిటీ హాస్టల్‌కి వెళ్ళి చూసినా ఒకటే సందడి. మంచాల మీద సగం సర్దిన బ్యాగులు, కారిడార్లో బకెట్లు, ఫోన్లలో అప్పుడే పుట్టిన వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపు పేరులో గోవా ఉండి తీరుతుంది. మొదటి గంటలో 'నేను రెడీ' అనేవాళ్ళకి లెక్కే ఉండదు. మర్నాటికి ఒకడికి అక్క నిశ్చితార్థం గుర్తొస్తుంది, ఇంకొకడికి సప్లీ ఫీజు కట్టాల్సి వస్తుంది, మరొకడు మెసేజ్ చూసి కూడా ఉలకడు పలకడు. వారం తిరిగేసరికి మిగిలిన నలుగురూ అనంతగిరి కొండలకో లక్నవరానికో పొద్దున్నే వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేస్తారు. గోవా వచ్చే సెమ్‌కి వాయిదా.

జరిగేది ఇంతే. అయినా ఆ సెలవుల గురించి పిల్లల్లో బోలెడు భ్రమలు, పెద్దవాళ్ళలో బోలెడు భయాలు. తమాషా ఏమిటంటే, బాధపడక్కర్లేని చోట పిల్లలు కుమిలిపోతారు. భయపడాల్సిన చోట పెద్దలు నిశ్చింతగా ఉంటారు. అందుకే ఈ లెక్కలు ఒకసారి సరిచూద్దాం.

అపోహ: సెలవుల్లో అందరూ తిరుగుతున్నారు, నేనొక్కడినే ఇంట్లో పడున్నాను

ఇలా అనుకునేవాడు ఒక్కడు కాదు. దాదాపు అందరూ ఇలాగే అనుకుంటారు. సెబాస్టియన్ డెరి, షాయ్ డేవిడాయ్, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2017లో అమెరికాలో చేసిన అధ్యయనాల్లో తేలింది ఇదే. తమకంటే ఎదుటివాళ్ళే ఎక్కువ పార్టీలకు వెళ్తున్నారని, వాళ్ళకే ఎక్కువమంది స్నేహితులున్నారని, వాళ్ళే ఎక్కువగా బయట తింటున్నారని అధిక సంఖ్యాకులు నమ్ముతున్నారు. అందరూ సగటు కంటే తక్కువ ఉండటం కుదరని పని కదా! మరి ఎందుకిలా అంటే, 'మిగతావాళ్ళు' అనుకోగానే మన మనసుకి తట్టేది క్లాసులో అందరికంటే ఎక్కువ తిరిగేవాడే. గదిలోంచి కదలని రూమ్మేట్ ఆ లెక్కలోకే రాడు.

దీనికి తోడు ఇంకో గణితం ఉంది. 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త దాన్ని విడమరిచి చెప్పారు. ఎక్కువమంది స్నేహితులున్నవాడు ఎక్కువమంది స్నేహితుల జాబితాల్లో ఉంటాడు. ఇద్దరే స్నేహితులున్నవాడు రెండే జాబితాల్లో ఉంటాడు. కాబట్టి మీ స్నేహితులకు సగటున ఎంతమంది స్నేహితులున్నారో లెక్క తీస్తే, చాలామంది విషయంలో ఆ సంఖ్య వాళ్ళ సొంత సంఖ్య కంటే ఎక్కువే వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలు చూసేటప్పుడు జరిగేదీ ఇదే. మీకు కనబడేది ఊళ్ళు తిరిగేవాళ్ళ ఫోటోలు. ఇంట్లో ఉన్నవాడు పెరుగన్నం తింటూ స్టోరీ పెట్టడు.

అసలు మన యూనివర్సిటీ పిల్లల్లో చాలామందికి సెలవంటే ఏమిటో ఆ స్టోరీల్లో ఎక్కడా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ పల్లెల్లో ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర చూడండి. వడ్ల కుప్ప పక్కన, టార్పాలిన్ నీడలో, తూకం వంతు కోసం ఎదురుచూస్తూ ఎమ్మెస్సీ కుర్రాడు కూర్చుని ఉంటాడు. పొద్దున వడ్లు నేర్పింది అతనే. మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పాల్సిందీ అతనే. గుంటూరు, ఖమ్మం వైపు సంక్రాంతి దాటితే మిరప కోతలు. హైదరాబాద్‌లో ఉండిపోయినవాళ్ళలో కొందరు ఫంక్షన్ హాళ్ళలో కేటరింగ్‌కి వెళ్తారు, కొందరు డెలివరీ బ్యాగు తగిలించుకుంటారు. ఇంకొందరికి సెలవంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో తెల్లవారకముందే కుర్చీ పట్టుకోవడం. గ్రూప్స్, డీఎస్సీ, నెట్, ఏదో ఒకటి. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, సాయంత్రం టీ దగ్గర అరగంట రాజకీయాలు. వీళ్ళకు సోషల్ లైఫ్ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ టీ కొట్టు దగ్గర కుదిరిన స్నేహాలు ఉద్యోగాలొచ్చాక కూడా నిలుస్తాయి.

'యూనివర్సిటీ వాళ్ళకేంటి, నెలల తరబడి సెలవులే' అనే బంధువులకు కూడా ఒక మాట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీలో ఏడాదికి 30 వారాలు బోధన ఉండాలి. సెలవులు 8 వారాలు. మిగిలింది అడ్మిషన్లు, పరీక్షలు, పండగలు.

అపోహ: ఒక్క పెద్ద ట్రిప్ వేస్తే బ్యాచ్ అంతా గట్టిపడుతుంది

ఈ నమ్మకం ఎక్కువగా సినిమాలు పెంచిందే. తెర మీద నలుగురు కుర్రాళ్ళు కారెక్కితే చాలు, విరామం లోపు జీవితం అర్థమైపోతుంది.

కాన్సాస్ యూనివర్సిటీ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో స్నేహానికి పట్టే సమయాన్ని లెక్కగట్టారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని ఆయన అంచనా. ఇప్పుడు మూడు రోజుల గోవా ట్రిప్ తీసుకోండి. నిద్ర పోగా మిగిలేది నలభై గంటలు. అందులో సగం రైల్లోనూ, ఇంకో సగంలో సగం 'ఎక్కడ తిందాం' అనే చర్చలోనూ పోతుంది. మెస్‌లో పక్కపక్కన కూర్చుని సాంబారుని తిట్టుకున్న గంటలే వీటికంటే ఎక్కువ.

ట్రిప్ వెయ్యొద్దని కాదు. ట్రిప్‌కి డబ్బుల్లేక రాలేనన్నవాడు బ్యాచ్‌కి దూరమైపోడని అంటున్నాను. నిజానికి ట్రిప్పుల తర్వాత బ్యాచ్‌లు విడిపోయేది చాలావరకు డబ్బు దగ్గరే. ఒకడు కార్డు గీకుతాడు, లెక్క రాయడు, తిరిగొచ్చాక అడగడానికి మొహమాటపడతాడు, లోపల్లోపల ఉడికిపోతాడు. బయల్దేరక ముందే తలా ఇంత ఒకరి దగ్గర వేసి అందులోంచే ఖర్చు పెడితే ఈ గొడవే ఉండదు.

అపోహ: సెలవుల్లో వాడు ఫోన్ చెయ్యలేదంటే మర్చిపోయినట్టే

వాడూ మీ గురించి ఇదే అనుకుంటూ ఉండొచ్చు. ఊరికే పలకరిద్దామని చేసిన ఫోన్, పంపిన మెసేజ్ అవతలివాళ్ళకు ఎంత సంతోషమిస్తుందో పంపేవాళ్ళు తక్కువ అంచనా వేస్తారని 2022లో పెగ్గీ లియూ బృందం వరుస ప్రయోగాల్లో చూపించింది. అనుకోకుండా వచ్చిన పలకరింపుకే ఎక్కువ విలువ ఉందట. మెసేజ్ పెట్టేయండి.

అపోహ: లంబసింగిలో మంచు కురుస్తుంది

డిసెంబరు వస్తే చాలు, 'ఆంధ్రా కశ్మీర్' అంటూ వీడియోలు మొదలు. అవి చూసి స్వెట్టరేసుకుని వెళ్ళినవాళ్ళు అక్కడ తెల్లటి మంచు గడ్డలు వెతుక్కుంటారు. లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ దట్టంగా కమ్మేది పొగమంచు. బాగా చలి ఉన్న రోజుల్లో గడ్డి మీద, బళ్ళ సీట్ల మీద మంచు బిందువులు గడ్డకట్టి తెల్లగా కనబడొచ్చు. ఆకాశం నుంచి హిమం కురవడం వేరు. అది అక్కడ ఉండదు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి కనిపించే మేఘాల సముద్రం కూడా లోయలో పేరుకున్న పొగమంచే. సూర్యోదయానికి ముందే కొండెక్కాలి. ఎండ ముదిరితే కరిగిపోతుంది, గాలి వీచిన రోజున అసలు పట్టదు. కనబడలేదని ఎవరినీ తిట్టి లాభం లేదు. ఏజెన్సీలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, యూపీఐని నమ్ముకుని వెళ్ళకుండా జేబులో నాలుగు నోట్లు పెట్టుకెళ్ళండి. ఖాళీ సీసాలు, చిప్స్ కవర్లు మళ్ళీ కిందికి తెచ్చేయండి. అది ఆ కొండల్లోని గిరిజనుల ఊరు, మన సెట్ కాదు.

అపోహ: రైళ్ళలో స్టూడెంట్ రాయితీ ఎప్పుడో ఎత్తేశారు

ఎత్తేసింది వృద్ధుల రాయితీని, మరికొన్నింటిని, 2020 మార్చిలో. ఆ వార్త అందరి రాయితీలూ పోయాయన్నట్టుగా జనంలో పాకింది. విద్యార్థుల రాయితీ ఉంది. సొంతూరికి వెళ్ళడానికి, విద్యాయాత్రలకు సెకండ్ క్లాసు, స్లీపర్ ఛార్జీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకైతే 75 శాతం తగ్గుతుంది. తగ్గేది మూల ఛార్జీలోనే. రిజర్వేషన్ రుసుము మామూలే. తత్కాల్‌కి వర్తించదు.

మరి ఎవరికీ ఎందుకు తెలియదంటే, ఇది ఫోన్లో దొరకదు. కాలేజీ ఆఫీసులో రైల్వే కన్సెషన్ ఫారం అడగాలి. గుమస్తా ముందు 'అది లేదు' అంటాడు, రెండోసారి అడిగితే సొరుగులోంచి తీస్తాడు. పేరు, వయసు, ఎక్కడినుంచి ఎక్కడికి అన్నవి నింపి, ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్ర వేయించుకుని స్టేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. గోవాకి సరదాగా వెళ్ళడానికి ఇది పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు. రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరుస్తారనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులు. సంక్రాంతికి ఊరెళ్ళాలంటే నవంబరులోనే మేలుకోవాలి.

ఆర్టీసీ విషయంలోనూ ఇలాంటి గందరగోళమే. పండక్కి తెలంగాణ ఆర్టీసీ అన్ని బస్సుల్లోనూ యాభై శాతం బాదుతుందని అంటుంటారు. 2003 నాటి జీవో 16 ప్రకారం ఆ పెంపు పండగ స్పెషల్ బస్సులకే, రోజూ తిరిగే సర్వీసులకు కాదు. అమ్మాయిలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులకే తప్ప సూపర్ లగ్జరీలకు వర్తించదు, ఏ రాష్ట్రం వాళ్ళకు ఆ రాష్ట్రంలోనే. నా దృష్టిలో ఈ మధ్యకాలంలో అమ్మాయిల సెలవుల్ని దీనంతగా మార్చింది ఇంకోటి లేదు. కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ అమ్మాయిలు ములుగు బస్సెక్కి, అక్కడినుంచి పాలంపేట చేరి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి చూసి, పొద్దుగూకేలోపు గదికి చేరుకోవచ్చు. ఖర్చు ఆటోకి, మిర్చి బజ్జీలకి.

అపోహ: పెళ్ళికాని ఆడామగా ఒక హోటల్లో దిగితే పోలీసులు పట్టుకెళ్తారు

పద్దెనిమిదేళ్ళు నిండిన ఇద్దరు ఒక గదిలో ఉండకూడదని చెప్పే చట్టమేదీ లేదు. 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఒక కోయంబత్తూరు కేసులో ఈ మాటే చెప్పింది. గది ఇవ్వనని హోటల్ వాళ్ళు తమ నియమం చెప్పి నిరాకరించొచ్చు, అది వేరు సంగతి. గుర్తింపు కార్డు మాత్రం అందరూ చూపాల్సిందే. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి వెళ్ళారనగానే ఇంట్లో జరిగే విచారణ సంగతి అందరికీ తెలిసిందే. ఆ విచారణలో చూపే శ్రద్ధలో పదోవంతు ఈ కింది రెండు విషయాల మీద పెడితే బాగుంటుంది.

అపోహ: మావాడికి ఈత వచ్చు, నీళ్ళ దగ్గర భయం లేదు

2014 జూన్ 8 సాయంత్రం. హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి టూర్‌కి తీసుకెళ్ళిన పిల్లలు హిమాచల్ ప్రదేశ్ మండి జిల్లాలో, థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగి రాళ్ళ మీద ఫోటోలు తీసుకుంటున్నారు. అక్కడ వాన లేదు, వరద లేదు. పైనున్న లార్జీ డ్యాం నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళ వెంట వెళ్ళిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ ప్రవాహానికి ఈత వచ్చినవాడూ రానివాడూ ఒకటే.

మన దగ్గరా అంతే. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్ళిన 80 మంది దాకా తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. విపత్తు బృందాలు రాత్రంతా శ్రమపడి వాళ్ళను బయటికి తెచ్చాయి. వెళ్ళేటప్పుడు పాదం తడిపిన వాగే వచ్చేటప్పుడు మెడలోతు. మనం నిలబడ్డచోట ఆకాశం ఎలా ఉందన్నది కాదు, ఎగువన ఏం జరుగుతోందన్నదే లెక్క.

సముద్రం దగ్గర పొరపాటు ఇంకో రకం. ఆర్కే బీచ్‌లోనో, సూర్యలంకలోనో అలలు ఎగసిపడే చోటు వదిలి, మధ్యలో అలలు విరగకుండా నున్నగా ఉన్న చోటు చూసి 'ఇక్కడ సేఫ్' అని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి తరచుగా అదే. రిప్ కరెంట్ అంటారు. దానికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకి రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. తీరప్రాంతాలకు ఎత్తయిన అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉంది. బయల్దేరేముందు వాళ్ళ వెబ్‌సైట్ ఒకసారి చూస్తే పోయేదేం లేదు.

ఇంకో ప్రమాదకరమైన నమ్మకం: మునిగేవాడు కేకలేస్తాడని. సినిమాలో వేస్తాడు. నిజంగా మునిగేవాడికి ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలదు. చేతులు పైకెత్తి ఊపలేడు, అవి నీటిని కిందికి నొక్కుతుంటాయి. ఫ్రాన్సెస్కో పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ దీన్ని గమనించి చెప్పినదాని ప్రకారం ఇదంతా 20 నుంచి 60 సెకన్ల వ్యవహారం. ఐదడుగుల దూరంలో స్నేహితుడు సెల్ఫీ తీసుకుంటుండగానే అయిపోతుంది. కాబట్టి ఒకరు ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండాలి, ఫోన్ కాదు, నీళ్ళనే చూస్తూ. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. చున్నీ, తాడు, ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది విసరండి. ఒకరిని కాపాడబోయి ముగ్గురు పోయారన్న వార్త ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉన్నాం.

అపోహ: రాత్రి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, మందు తాగలేదు కదా, ఏం కాదు

మన పిల్లల భాషలో 'నైట్ అవుట్' అంటే పరీక్ష ముందు రాత్రంతా చదవడం. ఆఖరి పరీక్షకి నైట్ అవుట్ కొట్టి, మధ్యాహ్నం పరీక్ష రాసి, సాయంత్రం సర్దుకుని, రాత్రి పదింటికి హైదరాబాద్‌లో కారెక్కి, పొద్దున్నకల్లా ఆరు వందల కిలోమీటర్ల అవతల విశాఖ బీచ్‌లో ఉండాలనుకుంటారు. స్టీరింగ్ పట్టుకున్నవాడు అప్పటికే ఒకటిన్నర రోజుగా మేలుకుని ఉన్నాడని ఎవరూ లెక్కెయ్యరు.

1997లో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ చేసిన పరిశోధన ప్రకారం 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. 24 గంటలైతే అది 0.10 శాతానికి చేరుతుంది. మన మోటారు వాహనాల చట్టంలో పరిమితి 0.03 శాతం. అంటే రాత్రంతా మేలుకున్నవాడు చుక్క ముట్టకుండానే చట్టం గీసిన గీతకి మూడు రెట్లు అవతల ఉన్నాడు. అతన్ని పట్టుకునే బ్రెత్ ఎనలైజర్ మాత్రం లేదు. అద్దాలు దించడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం ఇవేవీ నిద్రకి బదులు కావు. టీ తాగినా అది పని చెయ్యడానికి అరగంట పడుతుంది. బండి పెట్రోల్ బంకులో ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే కొంత నయం. అన్నిటికంటే నయం ఆ రాత్రి హాస్టల్లో పడుకుని పొద్దున బయల్దేరడం.

కారు ఎవరిదన్నది కూడా చూసుకోండి. సెల్ఫ్ డ్రైవ్‌కి అద్దెకివ్వడానికి అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు సొంత బండిని తక్కువకి అద్దెకిస్తానన్నవాడి దగ్గర తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చే వీలుంది. గోవాలో స్కూటర్లకీ ఇదే వర్తిస్తుంది.

పిల్లలు సెలవుల్లో ఎక్కడికైనా వెళ్తామంటే తల్లిదండ్రులు ముందు అడిగేది 'ఎవరెవరు వస్తున్నారు?' అని. అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇంకో మూడు అడగండి. బండి ఎవరు నడుపుతున్నారు? నిన్న రాత్రి అతను ఎన్ని గంటలు పడుకున్నాడు? మీలో నీళ్ళలోకి దిగకుండా ఒడ్డున ఉండేదెవరు?